శిక్షా? సంస్కరణా? – స్టూవర్టుపురం చరిత్ర చెప్పే పాఠం



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరారు. డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. తప్పు చేసినవాణ్ణి ఏం చేయాలి? వాడు మళ్ళీ ఆ తప్పు చేయకుండా ఉండాలంటే కఠినంగా దండించడమా, లేక చేసిన నష్టాన్ని వాడి చేతనే సరిదిద్దించి మళ్ళీ మనలో కలుపుకోవడమా? ఉదయం నడకకు వెళ్ళి పార్కులో కూర్చున్నప్పుడు పేపరు చేతిలో ఉంటే రోజూ వచ్చే చర్చే ఇది. అయితే మన తెలుగునాట ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నదని చాలామందికి గుర్తుండదు. ఆ చరిత్ర పేరే స్టూవర్టుపురం.

మా మధురానగర్‌లో కూర్చుని ఈ విషయం ఆలోచించడానికి తగిన కారణమే ఉంది. మాకు దగ్గరలో యూసుఫ్‌గూడలో మొదటి పోలీసు పటాలం ఉంది. మా కాలనీలోనే స్త్రీ శిశు సంక్షేమ శాఖవారి స్టేట్‌హోమ్, శిశువిహార్ ఉన్నాయి. కృష్ణానగర్ దాటి ముందుకు వెళితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. అంటే నేరాన్ని అదుపుచేసే వారూ, దిక్కులేని వారిని ఆదుకునే వారూ, నేరాన్ని కథగా చెప్పి మనల్ని మెప్పించే వారూ, ముగ్గురూ మా ఇరుగుపొరుగులే! ఈ ముగ్గురిలో మూడవవారి మాటే జనం చెవికి బాగా ఎక్కుతుంది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘స్టూవర్టుపురం పోలీసుస్టేషన్’ వచ్చింది. అదే సంవత్సరం భానుచందర్ నటించిన ‘స్టూవర్టుపురం దొంగలు’ వచ్చింది. 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఈ చివరి చిత్రంపై అభ్యంతరాలు హైకోర్టు దాకా వెళ్ళాయి. సినిమాలు చూసినవారు లక్షల్లో ఉంటారు గానీ, ఆ ఊరు ఎందుకు పుట్టింది, ఎవరు పుట్టించారు అని అడిగినవారు బహు తక్కువ.

పుట్టుకతోనే నేరస్తుడు

1871లో బ్రిటిష్ ప్రభుత్వం ‘నేరస్త జాతుల చట్టం’ తెచ్చింది. అప్పటి వైస్రాయి మండలిలో న్యాయశాఖ సభ్యుడైన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దానికి సమర్థకుడు. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాని కొడుకు నేతగాడు అవుతున్నట్లే దొంగతనం కూడా కులవృత్తిగా సాగుతున్నదనేది వారి వాదన. ఒక మనిషి చేసిన నేరానికి ఆ మనిషిని శిక్షించడం లోకధర్మం. ఈ చట్టం ఆ ధర్మాన్ని తలకిందులు చేసింది. నేరం రుజువు కాకుండానే మొత్తం కులాన్ని, పుట్టిన బిడ్డతో సహా, పోలీసు రిజిస్టరులో ఎక్కించే అధికారం ఇచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రంతో సహా దేశమంతటికీ వర్తింపజేశారు. 1924లో మళ్ళీ సవరించి ఒకచోట కూర్చారు.

రిజిస్టరులో పేరెక్కినవాడి వేలిముద్రలు తీసుకునేవారు. నిర్ణయించిన వేళకు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. చీటీ లేకుండా పొరుగూరి సంతకు వెళ్ళినా అది నేరమే. ఇంకా విచిత్రమైన నిబంధన ఒకటి ఉండేది. జాబితాలో చూపిన కొన్ని నేరాలకు రెండవసారి శిక్ష పడితే ఏడు సంవత్సరాలకు తగ్గకుండా ఖైదు, మూడవసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. 1994లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మూడవసారి నేరం చేస్తే పాతికేళ్ళకు తక్కువ కాని యావజ్జీవ శిక్ష అని చట్టం చేస్తే లోకమంతా ఆశ్చర్యంగా చెప్పుకుంది. చిన్న చిన్న దొంగతనాలకు కూడా మనుషులు జీవితమంతా జైల్లో మగ్గుతున్నారని గ్రహించి 2012లో అక్కడి ఓటర్లే దానిని సడలించారు. ఆ ప్రయోగం అంతకు ఎనభై ఏళ్ళ ముందే మన గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో జరిగిందని వారికి తెలియదు. మనకూ గుర్తులేదు.

ఉప్పు, ఎద్దులు, రైలు

మద్రాసు రాష్ట్రంలో ఈ ముద్ర ఎక్కువగా పడిన వారిలో ఎరుకల వారు ముఖ్యులు. ఇంతకీ వారు మొదట ఏం చేసేవారు? ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసుకుపోయి అమ్మి, అక్కడి ధాన్యం తెచ్చేవారు. బుట్టలు, తట్టలు అల్లేవారు. సోది చెప్పేవారు. రోడ్లు లేని కాలంలో పల్లెకు ఉప్పు చేరిందంటే వీరి చలవే. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతులన్నీ ప్రభుత్వ రికార్డుల ఆధారంగా వివరించారు.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో రైలు వచ్చింది. ఎడ్ల మీద పది రోజులు మోసే సరుకు ఒక్క రాత్రిలో చేరసాగింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. 1876–78 నాటి మహాక్షామంలో ఎడ్లు చచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు, ఆకు తెచ్చుకునే అడవి కూడా చేయి దాటింది. బతుకుతెరువు పోయిన తిరుగుడు జాతి కొత్త దారుల్లో పడితే, అందులో కొందరు దొంగతనాలకు దిగితే, దాన్ని వారి రక్తంలోని గుణంగా లెక్కగట్టారు. పిచ్చిదని పేరుపెట్టి కుక్కను చంపినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సంస్కరణ పేరుతో సెటిల్‌మెంటు

1911 చట్టం వచ్చిన మూడు నాలుగేళ్ళలోనే బాపట్ల దగ్గర ఒక ‘సెటిల్‌మెంటు’ వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దానికి స్టూవర్టుపురం అని నామకరణం చేశారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఆ సంస్థను భారతదేశంలో 1882లో ప్రారంభించిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్‌కు నేరస్తుల సంస్కరణ మీద ఆసక్తి ఎక్కువ. నేరం కూడా రోగం వంటిదే, మందు వేసి కుదర్చవచ్చు అనేవాడు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆధ్వర్యంలో బాడెన్ దొర ఇటువంటి సెటిల్‌మెంటునే నడిపాడు. సీతానగరం, కప్పరాళ్ళతిప్ప, సిద్ధాపురం పేర్లు కూడా మనలో కోస్తా, రాయలసీమల్లో పనిచేసిన రెవెన్యూ ఉద్యోగులకు తెలిసే ఉంటాయి.

న్యాయంగా చెప్పుకోవాలి. ఈ సెటిల్‌మెంట్లలో బడి పెట్టారు, వైద్యం చేశారు, కొందరికి భూమి ఇచ్చారు, పని నేర్పారు. చదువుకున్న మొదటి తరం అక్కడినుంచే వచ్చింది. బూత్-టక్కర్ ఉద్దేశం చెడ్డదని నేను అనను. కానీ రాత్రిపూట హాజరు పట్టీ పిలుపు ఉండేది. దాటిపోతే శిక్ష ఉండేది. తల్లిదండ్రుల ప్రభావం పడకూడదని పిల్లలను వేరుచేసి హాస్టళ్ళలో ఉంచిన సందర్భాలున్నాయి. స్టూవర్టుపురం మనుషులను చీరాల పొగాకు కర్మాగారానికి కూలికి పంపేవారు. బేరమాడి మరో పని చూసుకునే స్వేచ్ఛ వారికి ఉండేది కాదు. పేరు సంస్కరణ, పద్ధతి ఖైదు. ఈ రెంటినీ ఒకే గాటకు కట్టడమే ఆ ప్రయోగంలోని అసలు లోపం. మారినవాణ్ణి మారావని ఒప్పుకుని రిజిస్టరునుంచి పేరు కొట్టివేసి, భుజం తట్టి పంపే తలుపు అందులో సులభంగా తెరుచుకునేది కాదు. తలుపు లేని ఇంటిని ఎంత అందంగా కట్టినా అది జైలే.

ముద్ర చెరిపినవారు

1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని పౌరస్వేచ్ఛకే విరుద్ధమైన ఘోరమని ఖండించారు. ఏ జాతినీ నేరస్త జాతి అని వర్గీకరించడం కుదరదని చెప్పారు. ఆ జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం, ఈ ముద్రపడిన జాతుల కోసం జీవితమంతా పనిచేశారు. ప్రభుత్వం 1973లో వారిని పద్మభూషణ్‌తో గౌరవించింది. మద్రాసు రాష్ట్రం 1947లో తన పరిధిలో చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా పరిస్థితి విచారించడానికి 1949లో వేసిన సంఘానికి అధ్యక్షులు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారే. తర్వాత లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన పెద్దమనిషి. ఆ సంఘం సిఫారసు మేరకు 1952 ఆగస్టు 31న చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. అప్పటికి దాని పట్టులో ఉన్నవారు 127 జాతులు, సుమారు కోటి ముప్పై లక్షల మంది అని అంచనా. అప్పటినుంచి వారిని ‘విముక్త జాతులు’ అంటున్నాం.

చట్టం పోయింది. రిజిస్టరు మాత్రం పూర్తిగా పోలేదు. జాతిని వదిలి వ్యక్తిని పట్టుకునే ‘అలవాటు నేరస్తుల’ చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద తేడా పెద్దదే. ఆచరణలో పాత పేర్లే కొత్త పుస్తకంలోకి ఎక్కాయని చాలామంది పెద్దలు విమర్శించారు. మనం మాటల్లో విరివిగా వాడే ‘కేడీ’ అన్న పదం ఎక్కడిదనుకుంటున్నారు? పాత నేరస్తుడికి పోలీసులు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు ‘నోన్ డిప్రెడేటర్’. దాని పొట్టిపేరు కె.డి. అది జనం నోళ్ళలో పడి తిట్టయి, సినిమా పేరయి కూర్చుంది.

నేను ఖజానా శాఖలో చేరిన కొత్తలో, 1960ల చివర, కొంతకాలం బాపట్లలో పనిచేశాను. స్టూవర్టుపురం స్టేషను వస్తోందంటే రైల్లో పెద్దవాళ్ళు ట్రంకుపెట్టెలు కాళ్ళ దగ్గరకు జరుపుకొనేవారు. జీతం బిల్లుల పనిమీద వచ్చే ఒక ఉపాధ్యాయుడు తన చిరునామాలో ఊరి పేరు వదిలేసి బాపట్ల అని మాత్రమే రాసేవారు. ఎందుకండీ అంటే, “ఊరి పేరు రాస్తే నా కొడుకు దరఖాస్తు చదవకుండానే పక్కన పెడతారండీ” అన్నారు. ఆయన తండ్రి సెటిల్‌మెంటులో పుట్టిన మనిషి. ఆయన పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. రద్దయిన చట్టం పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆయన కొడుకు దరఖాస్తు మీద సంతకం చేస్తూనే ఉంది.

జాషువాగారి అమ్మాయి

ఇక ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె విలువైన అధ్యాయం. మహాకవి గుర్రం జాషువాగారి కుమార్తె హేమలత 1932లో జన్మించారు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకులు గోరాగారి కుమారుడు లవణంగారితో 1960లో ఆమె వివాహం జరిగింది. లవణంగారు వినోబా భావే భూదాన పాదయాత్రల్లో అనువాదకులుగా నడిచిన వ్యక్తి. అదే 1960లో చంబల్ లోయలో ఇరవై మంది బందిపోట్లు వినోబా ముందు ఆయుధాలు పెట్టి లొంగిపోయారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో వందల సంఖ్యలో లొంగిపోయారు. పోలీసు తుపాకీ ఏళ్ళ తరబడి చేయలేని పని ఒక ముసలాయన మాట చేసిందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

ఆ అనుభవాన్ని మనసులో పెట్టుకుని లవణం దంపతులు 1970లలో స్టూవర్టుపురం వైపు అడుగుపెట్టారు. జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. హేమలతగారు పోలీసుల వెంట వెళ్ళలేదు, ఉపన్యాసం ఇవ్వడానికీ వెళ్ళలేదు. గడపగడపకూ వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చున్నారు. మగవాళ్ళు జైల్లోనో పరారీలోనో ఉంటే ఇల్లు ఎలా గడుస్తోంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని అడిగారు. నేరం మానాలనుకునే వారికి పాత కేసులు, పోలీసు వేధింపు అడ్డు రాకుండా అధికారులతో మాట్లాడారు. ఈ పనికోసం ఏర్పడిన ‘సంస్కార్’ సంస్థ తర్వాత నిజామాబాద్ ప్రాంతంలో జోగిని దురాచారంపై కూడా పనిచేసింది. హేమలతగారు 2008లోను, లవణంగారు 2015లోను కన్నుమూశారు.

బూత్-టక్కర్ పద్ధతికీ హేమలత పద్ధతికీ తేడా ఎక్కడుంది? ఇద్దరూ మనిషి మారగలడనే నమ్మారు. మొదటాయన కంచె వేసి మార్చాలనుకున్నాడు. ఈమె కంచె తీస్తేనే మారతాడన్నారు. మొదటిదానిలో సంస్కరణకు హామీదారు పోలీసు. రెండవదానిలో హామీదారులు భార్య, తల్లి, బడికి వెళ్ళే బిడ్డ, పక్కింటివాడు. తండ్రి ‘గబ్బిలం’ రాసి అంటరానివాని మొర వినిపించారు. కుమార్తె ఇంకొక రకం అంటరానితనాన్ని ఇంటింటికీ వెళ్ళి తుడిచారు.

జైలులోపల, కోర్టులోపల

మన న్యాయవ్యవస్థ కూడా ఊరుకోలేదు. 1958లో వచ్చిన ప్రొబేషన్ చట్టం, తగిన కేసుల్లో నేరస్తుణ్ణి జైలుకు పంపకుండా సత్ప్రవర్తన హామీ మీద విడిచిపెట్టి, బాధితుడికి పరిహారం ఇప్పించే వీలు కల్పించింది. 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసు దేశమంతటా న్యాయవాదులు చదువుకునేది అయింది. ఉద్యోగాలు ఇప్పిస్తానని నిరుద్యోగులను నమ్మించి డబ్బు తీసుకున్న ఒక యువకుడికి మూడేళ్ళ శిక్ష పడింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని పద్దెనిమిది నెలలకు తగ్గించారు. అంతటితో ఆగక, జైలులో అతనికి బుద్ధికి పనిచెప్పే పని ఇవ్వాలని, వేతనం ఇవ్వాలని, జరిమానా సొమ్ము మోసపోయిన వారికే చెందాలని ఆదేశించారు. నేరస్తుడిలోని మనిషిని బాగుచేయడమే శిక్ష ఉద్దేశం కావాలన్నది ఆ తీర్పు సారాంశం.

వి. శాంతారామ్ 1957లో తీసిన ‘దో ఆంఖే బారా హాథ్’ మనలో చాలామంది చూసి కంట తడిపెట్టిన చిత్రమే. ఆరుగురు ఖైదీలను గోడలు లేని పొలంలో ఉంచి మనుషుల్ని చేసిన జైలరు కథ. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానంలో నిజంగా జరిగిన ప్రయోగం దానికి మూలం. అటువంటి పొలాలు మనకూ ఉన్నాయి. చర్లపల్లిలోను, అనంతపురంలోను ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు దశాబ్దాలుగా నడిచాయి. చంచల్‌గూడ దగ్గర ఖైదీలు నడిపే పెట్రోలు బంకులో మనవాళ్ళు ఎందరో పెట్రోలు పోయించుకున్నవారే. మీటరు సున్నా చూపించి పోసే కుర్రాడు ఖైదీ అని తెలిసి ఆశ్చర్యపోయినవారూ ఉన్నారు.

అయినా పాత ముద్ర ఎంత లోతుదో చూడండి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్నిబట్టి పని కేటాయించే నిబంధనలను కొట్టివేసింది. విముక్త జాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటు నేరస్తులుగా చూసే రాతలు జైలు మాన్యువళ్ళలో ఇంకా ఉన్నాయని గుర్తించి, వాటినీ చెల్లవని చెప్పింది. 1952లో చచ్చిన చట్టపు దయ్యం డెబ్బై రెండేళ్ళ తర్వాత జైలు పుస్తకంలో దొరికిందన్నమాట!

బాధితుడి మాటేమిటి?

ఇక్కడ కొందరు మిత్రులకు కోపం రావచ్చు. “దొంగ గురించి ఇంత చెప్పారు, సొమ్ము పోగొట్టుకున్నవాడి గోడు ఎవరు వింటారు?” అని. చాలా సరైన ప్రశ్న. పెన్షనర్లమైన మనమే ఈనాడు మోసగాళ్ళకు ముఖ్యమైన మేత. ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించి గ్రాట్యుటీ సొమ్మంతా లాగేసుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. అటువంటివాడికి పదేళ్ళు వేయాలి, ఇరవై ఏళ్ళు వేయాలి అనిపించడం సహజం. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా అంటాం. కానీ ఒక్కమాట. పదేళ్ళ శిక్ష పడ్డ మరునాడు ఆ పెద్దాయన బ్యాంకు ఖాతాలో ఎంత ఉంటుంది? శిక్ష పడిన కేసులో కూడా బాధితుడు కోర్టు వరండాలో సాక్షిగా నిలబడి వట్టి చేతులతో ఇంటికి వెళ్ళడం మనం చూస్తున్నదే.

మన భాషలోనే ఒక చమత్కారం ఉంది. ‘తప్పు’ అంటే చేసిన పొరపాటు. ‘తప్పు కట్టడం’ అంటే దానికి చెల్లించే సొమ్ము. పూర్వం ఊరిపెద్దల తగవుల్లో నేరానికీ చెల్లింపుకీ ఒకే మాట. అంటే తప్పు అనేది సరిచేయవలసిన లెక్క అన్న భావన మనకు కొత్త కాదు. అలాగని ఆ తగవులన్నీ ధర్మతగవులని నేను చెప్పడం లేదు. కులం తక్కువవాడికి, ఆడదానికి అక్కడ జరిగిన అన్యాయాలు తక్కువేం కావు. బలవంతుడు బలహీనుణ్ణి రాజీకి ఒప్పించడం న్యాయం కాదు. అత్యాచారం, హత్య వంటి ఘోరాలకు కఠిన శిక్ష ఉండవలసిందే. చట్టం కాపలా లేని రాజీ, రాజీ కాదు.

చట్టం కాపలాలోనే ఈ పని చేయవచ్చునని బయటి దేశాలు చూపాయి. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు తాగిన మత్తులో ఒక్క రాత్రిలో ఇరవై రెండు చోట్ల ఇళ్ళు, కార్లు ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి సూచనపై జడ్జిగారు వారిని బాధితుల గడపలకు పంపారు. కుర్రాళ్ళు ప్రతి తలుపూ తట్టి, తప్పు ఒప్పుకుని, నష్టం ఎంతో అడిగి, కొన్ని నెలల్లో డబ్బు కట్టారు. న్యూజీలాండ్ 1989లో తమ మావోరీ తెగల సంప్రదాయం నుంచి నేర్చుకుని, బాలనేరస్తుల కేసుల్లో రెండు కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని చట్టంలోనే పెట్టింది. ఇటువంటి ముఖాముఖి సమావేశాలపై జరిగిన పది ప్రయోగాలను 2013లో ఒకచోట చేర్చి సమీక్షించారు. మళ్ళీ నేరం చేయడం కొంతమేరకు తగ్గిందని, బాధితులకు మనశ్శాంతి ఎక్కువగా దొరికిందని తేలింది. ‘కొంతమేరకు’ అన్న మాటను నేను కావాలనే రాస్తున్నాను. ఇది మంత్రదండం కాదు. అయితే నేరస్తుణ్ణి జైల్లో కూర్చోబెట్టి పోషించే ఖర్చుతో పోల్చితే తీసిపారేయదగినదీ కాదు.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ దారిలో ఒక అడుగు వేసింది. దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, నేరస్తుడికి అదే మొదటి శిక్ష అయి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చివేస్తే, అతనికి జైలు కాక ‘సమాజసేవ’ శిక్షగా వేస్తారు. 1911లో ఇటువంటి నిబంధన ఒక్కటి ఉండి ఉంటే ఎన్ని కుటుంబాల కథ మరోలా నడిచేదో కదా!

మన వంతు

మా వీధిలో రెండేళ్ళ క్రితం ఒక సైకిలు పోయింది. సి.సి. కెమెరాలో చూస్తే కూరగాయల బండి తోసే కుర్రాడు. పదిహేడు నిండలేదు. నలుగురు కలిసి నాలుగు తగిలించాలని కొందరు అన్నారు. సైకిలు యజమాని రిటైర్డు ప్రధానోపాధ్యాయుడు. ఆయన కొట్టనివ్వలేదు. కుర్రాడి తల్లిని పిలిపించారు. ఆమె ఎదుట కుర్రాడు సైకిలు తెచ్చి అప్పగించి, విరిగిన పెడలు తన డబ్బుతో వేయించాడు. అంతటితో విషయం ముగిసింది. ఆ కుర్రాడు ఇప్పటికీ మా వీధిలోనే కూరలు అమ్ముతున్నాడు, ప్రధానోపాధ్యాయులవారి ఇంటి ముందు బండి ఒక నిమిషం ఎక్కువ ఆపుతాడు. కొట్టి పంపితే మరో వీధికి దొంగగా వెళ్ళి ఉండేవాడేమో. ఈ ఒక్క సంఘటనతో సిద్ధాంతం రుజువైందని అనను. కానీ ఒక సైకిలు, ఒక కుర్రాడు, రెండూ దక్కాయి.

కనుక మన సంఘానికి మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌ను, పనివారిని పెట్టుకునేటప్పుడు వివరాలు విచారించండి. మంచిదే. కానీ ఊరి పేరు, కులం పేరు చూసి కాదనకండి. రెండవది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటున్నాయి. రిటైర్డు ఉద్యోగులు, ఉపాధ్యాయులు అందుకు అర్హులు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు రాసిన మన చేతులకు, విచారణ ఖైదీ కుటుంబానికి ఒక దరఖాస్తు రాసిపెట్టడం కష్టమా? మూడవది, శిశువిహార్, స్టేట్‌హోమ్ వంటి చోట్ల అధికారుల అనుమతితో వారానికొక గంట పిల్లలకు లెక్కలో, తెలుగో చెప్పగలిగినవారు ముందుకు రండి. చిన్నతనంలో ఒకరు పట్టించుకున్న బిడ్డ పోలీసు రిజిస్టరు దాకా వెళ్ళే అవకాశం తక్కువ.

మా పొరుగున ఉన్న సినిమావారికి కూడా ఒక మాట. స్టూవర్టుపురంలో దొంగల కథలు చాలానే తీశారు. ఆ ఊరినుంచి వచ్చిన ఉపాధ్యాయుల కథ, ఉద్యోగుల కథ, గడపగడపకూ నడిచిన జాషువాగారి అమ్మాయి కథ ఎవరైనా తీస్తే, టిక్కెట్టు కొని మొదటి ఆటకే వెళ్ళే ముసలివాళ్ళం మేము చాలామందిమి ఉన్నాం. మన సినిమాల్లో దుష్టుడికి సంకెళ్ళు పడగానే శుభం కార్డు పడుతుంది. బతుకులో మాత్రం జైలు గేటు బయటికి తెరుచుకున్న రోజునే అసలు కథ మొదలవుతుంది. ఆ రోజు బయట ఎవరు నిలబడి ఉన్నారన్నదాన్ని బట్టే అతను మళ్ళీ లోపలికి వెళ్తాడా లేదా అన్నది తేలుతుంది.

 మీ అభిప్రాయాలు సంఘ కార్యాలయానికి రాసి పంపగలరు. సెలవు.